ఒక తోకచుక్క, రెండు చదువులు

1910 మే 6న ఎడ్వర్డు చక్రవర్తి లండన్‌లో చనిపోయాడు. అప్పటికి హేలీ తోకచుక్క తెల్లవారుజామున తూర్పు దిక్కున కనబడుతూనే ఉంది. తోకచుక్క పొడిస్తే రాజుకు చేటు అని తరతరాలుగా నమ్ముతూ వచ్చిన జనానికి ఇంతకన్న పెద్ద రుజువు ఏం కావాలి? పైగా ఆ ఏడాది జనవరిలోనే పట్టపగలు కూడా కనిపించేంత వెలుగున్న మరో తోకచుక్క వచ్చిపోయింది. ఏది హేలీదో, ఏది కాదో తెలియనివాళ్లకు ఆకాశమంతా అపశకునంగానే తోచింది.

అయితే ఆ భయం చదువురానివాళ్లది మాత్రమే అనుకుంటే చరిత్రకు అన్యాయం చేసినట్టే. తోకచుక్క వెలుగును వర్ణపటంలో విడదీసి చూసిన శాస్త్రజ్ఞులు దాని తోకలో సైనోజన్ అనే విషవాయువు ఉందని చెప్పారు. మే 18, 19 తేదీల్లో భూమి ఆ తోకలోంచి సాగిపోతుందని లెక్క కట్టారు. ఆ వాయువు భూమిని చుట్టుకుంటే ప్రాణికోటి నశించవచ్చునని ఫ్రెంచి ఖగోళ శాస్త్రజ్ఞుడు ఫ్లామారియన్ అన్నట్టుగా పత్రికలు రాశాయి. అమెరికాలో తోకచుక్క మాత్రలు అమ్ముకుని కొందరు సొమ్ము చేసుకున్నారు. ప్రళయభయాన్ని పురాణం ఎంత పెంచిందో అచ్చుయంత్రమూ అంతే పెంచింది. భూమి తోకలోంచి వెళ్లింది, ఏమీ కాలేదు. ఆ తోకలోని వాయువు మన గాలితో పోలిస్తే శూన్యంతో సమానం.

ఈ తోకచుక్కను తెలుగువాళ్లు రెండు విధాలుగా చదివారు. విజయనగరంలో ఒక చదువు, కుంభకోణంలో ఒక చదువు. ఆ తర్వాత మన మధ్యతరగతి ఆధ్యాత్మిక జీవితం ఈ రెండింటిలో ఏ దారి పట్టిందో చూడడమే ఈ వ్యాసంలో నేను చెయ్యదలచుకున్న పని.

విజయనగరం చదువు మనందరికీ తెలిసిందే. గురజాడ ‘ముత్యాల సరములు’ ఆ సంవత్సరమే ‘ఆంధ్రభారతి’లో వెలువడింది. ఆధునిక తెలుగు కవిత్వానికి అది తొలి మెట్టు అని పాఠ్యపుస్తకాల్లో చెబుతాం, ఛందస్సు గురించి చెబుతాం, మాత్రలు లెక్కపెట్టిస్తాం. ఆ కవిత ఒక ప్రళయభయానికి ఇచ్చిన జవాబు అన్న సంగతి మాత్రం తరగతి గదుల్లో తక్కువగా వినిపిస్తుంది. తోకచుక్క కీడు తెస్తుందన్న మాటకు బదులుగా అందులోని భర్త దాన్ని కొన్ని దశాబ్దాలకొకసారి చూసిపోవడానికి వచ్చే భూమి చుట్టంగా చెబుతాడు. అంతటితో ఆగితే అది పాఠశాల సైన్సు పాఠం అయ్యేది. ఆయన ఇంకో అడుగు వేసి, సంఘసంస్కరణ సాగే బాటకు దాన్ని జెండాగా భావిస్తాడు. కులభేదాలు కల్ల అవుతాయనీ, లోకం ఒక్క ఇల్లవుతుందనీ, మతాలు వెనకబడి జ్ఞానం ఒక్కటే మిగులుతుందనీ చెబుతాడు.

ఈ చివరి భాగాన్ని వ్యాకరణం కళ్లతో చూడండి. అంతా భవిష్యత్కాలమే. అంటే అదీ ఒక కాలజ్ఞానమే! గురజాడ జోస్యాన్ని ఎగతాళి చెయ్యలేదు, జోస్యానికి ఎదురుగా మరో జోస్యం నిలబెట్టాడు. మన హేతువాద మిత్రులు చాలామంది ఈ కిటుకు గ్రహించలేదు. భయపడుతున్నవాడితో ‘ఏమీ కాదులే’ అంటే వాడికి భయం పోదు. ‘ఏదో అవుతుంది, అది ఇదీ’ అని చెప్పగలిగినప్పుడే వాడు మాట వింటాడు.

కుంభకోణం చదువు మన సాహిత్య చరిత్రల్లో కనిపించదు. అక్కడ కంచుపాటి వెంకట్రావు వెంకాస్వామిరావు అనే గృహస్థు ఉండేవారు. 1868లో పుట్టారు. కంచుపాటి అన్న ఇంటిపేరు తెలుగుదని వేరే చెప్పనక్కర లేదు. అనుయాయులు ఆయన్ని మాస్టర్ సి.వి.వి. అంటారు. 1910 మే 29న, అంటే భూమి తోకచుక్క తోక దాటిన పది రోజులకు, ఆయన తన యోగమార్గంలో దీక్ష ఇవ్వడం మొదలుపెట్టారు. దాని పేరు భృక్తరహిత తారక రాజయోగం. హేలీ తోకచుక్క రాకతో ఒక కొత్త శక్తి భూమికి దిగిందనీ, దాన్ని ఆయన అందుకున్నారనీ శిష్యపరంపర నమ్మకం. ఆ యోగం లక్ష్యం మోక్షం కూడా కాదు. కర్మను, అంటే ‘భృక్త’ను కరిగించి, ఈ శరీరంతోనే మరణాన్ని దాటడం!

ఇక్కడ రెండు సంగతులు గమనించదగ్గవి. ఒకటి, భాష. సంప్రదాయ యోగంలోని సంస్కృత పరిభాష పక్కనే ఈ మార్గంలో ‘ఎలక్ట్రిక్ హింట్’ లాంటి ఇంగ్లీషు మాటలు సాధన మాటలుగా చేరాయి. ఆ కాలం తంతి తపాలా కాలం, కరెంటు కొత్తగా పట్టణాలకు వస్తున్న కాలం. కంటికి కనపడకుండా తీగలో పారే శక్తిని చూసినవాడికి కంటికి కనపడని ఇంకో శక్తిని నమ్మడం కష్టం కాదు. కాబట్టి ఈ మార్గాన్ని పాత మూఢనమ్మకం అనడం సరికాదు. అది ఆధునికమైనదే, ఆధునికత లోపలే పుట్టింది. రెండవది, ప్రళయం గతి. లోకం మీదకు రావలసిన మార్పు ఇక్కడ ఒక్కొక్క సాధకుడి శరీరంలోకి దూరింది. లోకం మారకపోయినా సాధకుడు మారవచ్చు. ఆయన 1922 మే 12న దేహం చాలించారు. మరణాన్ని దాటడమే లక్ష్యమైన మార్గానికి అది చావుదెబ్బ కావలసింది. కాలేదు. సూక్ష్మరూపంలో పని సాగుతోందన్నారు. ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ప్రార్థన ఈనాటికీ నడుస్తోంది. తప్పిన జోస్యం నశించకుండా లోపలికి తిరగడం ఒక్క కుంభకోణంలోనే జరిగిన పని కాదు. అన్ని దేశాల ప్రళయవాదుల చరిత్రలోనూ ఉంది.

ఈ పరంపరలో చేరినవారిని చూస్తే మనం తొందరపడి నవ్వలేం. వేటూరి ప్రభాకరశాస్త్రి (1888-1950) సి.వి.వి. శిష్యుడు. తాళపత్రాలను అంగుళం అంగుళం పరీక్షించి, చాటుపద్యాలు ఏరి, అన్నమయ్య రాగిరేకుల పని తలకెత్తుకున్న వేటూరివారే, తన యోగానుభవాలను ‘ప్రజ్ఞా ప్రభాకరము’లో రాశారు. పాఠనిర్ణయంలో ఒక్క అక్షరానికి కూడా ఆధారం అడిగే మనిషి గురువు విషయంలో ఆధారం అడగలేదేమిటి అని మనకు అనిపిస్తుంది. ఆయన ఆధారం అడిగారు, తన శరీరంలో దొరికిన ఉపశమనాన్నే ఆధారంగా తీసుకున్నారు. రోగం, దానికి దొరికిన మందు. ఈ మాట గుర్తుంచుకోండి, విశాఖపట్నంలో మళ్లీ వస్తుంది.

ఈలోగా కుంభకోణానికి ఉత్తరాన, మద్రాసు అడయారులో, ఇంతకన్న పెద్ద నాటకం నడుస్తోంది. దివ్యజ్ఞాన సమాజం 1875లో న్యూయార్కులో పుట్టి, 1882లో అడయారు చేరింది. హిమాలయాల్లో అదృశ్యంగా ఉండే మహాత్ములు లోకాన్ని నడుపుతున్నారనీ, త్వరలో ఒక జగద్గురువు వస్తాడనీ దాని నమ్మకం. 1909లో లెడ్‌బీటర్ అడయారు సముద్రపు ఒడ్డున ఆడుకుంటున్న ఒక తెలుగు పిల్లవాణ్ణి చూసి, ఆ గురువు దిగబోయేది వీడిలోనే అన్నాడు. ఆ పిల్లవాడు 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి. 1911లో అనీబిసెంటు అతని చుట్టూ ‘తూర్పు నక్షత్ర సంఘం’ ఏర్పాటు చేసింది. 1929 ఆగస్టు 3న హాలెండులోని ఓమెన్‌లో వేలమంది ఎదుట ఆ సంఘాన్ని అతనే రద్దు చేశాడు. తన చుట్టూ కట్టిన గుడిని దేవుడే కూలదోసిన సందర్భాలు ప్రపంచ చరిత్రలో ఎన్నో లేవు. ఆ తర్వాత కృష్ణమూర్తి చెప్పినదాంట్లో సమాజం, వర్గం, ఆకలి ఎక్కడున్నాయని మనం నిలదీయవచ్చు, నిలదీయాలి కూడా. కాని ఆ ఒక్క రోజు అతను చేసిన పనికి సాటి మరో తెలుగు గురువు చెయ్యలేదు.

ఇక్కడ ఒకసారి వెనక్కి, కర్నూలు, కడప సీమల్లోకి పోవాలి. మన కాలజ్ఞానం ఇంగ్లీషు చదువుల కంటె ముందుది. పోతులూరి వీరబ్రహ్మం 17వ శతాబ్దపు మనిషి అని పరంపర. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాశాడనీ, రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడనీ, కందిమల్లాయపల్లెలో సమాధి అయ్యాడనీ కథ. విశ్వబ్రాహ్మణుడు. శిష్యుల్లో ముఖ్యుడు దూదేకుల సిద్దయ్య, మరొకడు మాదిగ కక్కయ్య. కులం చేత తక్కువవాడన్న పండితుడితో వాదించి నెగ్గిన వడ్రంగి కంసాలుల గొంతు ఇది. లోకం తలకిందులవుతుందన్న మాట పైవాడికి ప్రళయం, కిందివాడికి ఆశ. చివరకు వీరభోగ వసంతరాయలుగా తిరిగి వస్తానన్న మాటలో ఉన్నది న్యాయం కోసం ఎదురుచూపు. ఈ భాగాన్ని మూఢవిశ్వాసం అని తీసి పారెయ్యడం ప్రగతిశీల విమర్శకు తగదు. మధ్యయుగాల ఐరోపా రైతు తిరుగుబాట్లలో ప్రళయవాదం ఎంత మండే సరుకో జర్మనీ రైతు యుద్ధం మీద ఎంగెల్స్ రాసింది చదివినవాళ్లకు తెలుసు.

అలా అని కాలజ్ఞానాన్ని నెత్తిన పెట్టుకోవలసిన పనీ లేదు. అందులోని భవిష్యత్కాలానికి కర్త లేడు. ‘జరుగుతుంది’, ‘పుడుతుంది’, ‘నశిస్తుంది’. గురజాడ భవిష్యత్తులో మనుషులు చేసేది ఉంది, వీరబ్రహ్మంలో మనుషులకు జరిగేదే ఉంది. ఇంకో తేడా ఎడ్మండ్ హేలీతో పోల్చినప్పుడు తేలుతుంది. 1705లో హేలీ కూడా జోస్యమే చెప్పాడు: ఈ తోకచుక్క 1758 ప్రాంతంలో మళ్లీ వస్తుందని. 1742లో చనిపోయాడు. 1758 డిసెంబరు 25 రాత్రి అది కనిపించింది. రాకపోతే హేలీ తప్పని అందరికీ తెలిసిపోయేది. కాలజ్ఞానం ఎన్నటికీ తప్పదు, ఎందుకంటే జరిగిన తర్వాతే అది అర్థమవుతుంది. విధవ ఏలుతుందన్న మాట ఇందిరాగాంధీ ప్రధాని అయ్యాకే ఇందిరాగాంధీ గురించి అయింది. 1984లో రామారావు వీరబ్రహ్మం వేషం కట్టి సినిమా తీసేనాటికి ఆ మహానుభావుడి జోస్యాల్లో అప్పటి రాజకీయాలన్నీ ఇమిడిపోయాయి. అప్పటికి ఆ నటుడు ముఖ్యమంత్రి కూడా.

భయాలు మాత్రం కాలజ్ఞానంతో నిమిత్తం లేకుండానే వస్తూ వచ్చాయి. 1962 ఫిబ్రవరి మొదటి వారంలో మకరరాశిలో అష్టగ్రహ కూటమి. దేశమంతా హోమాలు, యజ్ఞాలు. నెహ్రూ ఎగతాళి చేశాడు. అదే నెలలో సాధారణ ఎన్నికలు సవ్యంగా జరిగిపోయాయి. 1979 జూలైలో స్కైలాబ్. ఈసారి ఆకాశంలోంచి పడబోయేది గ్రహం కాదు, అమెరికా వదిలేసిన ప్రయోగశాల. తెలంగాణ, ఆంధ్ర పల్లెల్లో పోతే పోతామని కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నారు. జూలై 11న అది హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ రాలింది. పుట్టిన బిడ్డకు స్కైలాబ్ అని పేరు పెట్టుకున్నవాళ్లున్నారు. భయాన్ని ఇంత చనువుగా ఇంట్లోకి పిలుచుకున్న జాతిని చూస్తే నాకు ముచ్చటే వేస్తుంది. 1986లో హేలీ మళ్లీ వచ్చింది, కంటికి సరిగా ఆనలేదు. రెండేళ్లకు, 1988లో, జనవిజ్ఞాన వేదిక పుట్టింది. తోకచుక్క గురజాడ ఊహించిన దారిలో నడిచింది ఆ కాసేపే.

ఇప్పుడు విశాఖపట్నం. 1971 జనవరి 20న ఇక్కడ ఉక్కు కర్మాగారానికి ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసింది. దాని వెనక 1966 ఉద్యమం, నవంబరు 1న ఈ ఊళ్లో జరిగిన కాల్పులు, రాష్ట్రమంతటా ప్రాణాలు పోయిన 32 మంది ఉన్నారు. అదే 1971లో, అదే విశాఖపట్నంలో, ఎక్కిరాల కృష్ణమాచార్య ‘వరల్డ్ టీచర్ ట్రస్టు’ స్థాపించారు. 1926లో బాపట్లలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పిన మనిషి. సి.వి.వి. పరంపర, దివ్యజ్ఞాన సమాజపు మహాత్ములు, జ్యోతిషం, వేదం, హోమియోపతి, ఈ అయిదింటినీ ఆయన ఒక్క తాటి మీదకు తెచ్చారు. మాస్టర్ ఇ.కె. అన్నారు జనం. 1972 నుంచి ఐరోపా వెళ్లి వచ్చారు, 1984లో పోయారు. ట్రస్టు పేరులోనే అడయారు జగద్గురువు ఉన్నాడు. ఓమెన్‌లో రద్దయిన పేరు నలభై రెండేళ్లకు విశాఖలో మళ్లీ లేచింది.

ఒకే ఊరు, ఒకే ఏడు, రెండు పునాదులు. దీన్ని కాకతాళీయం అని దాటెయ్యవచ్చు. నేను దాటెయ్యను. ఓడరేవు, నౌకా నిర్మాణం, చమురుశుద్ధి, ఆ తర్వాత ఉక్కు, వీటి చుట్టూ జిల్లాల నుంచి వచ్చి పడిన గుమస్తాలు, ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, లెక్చరర్లు ఈ ఊరి కొత్త జనం. ఊళ్లో అమ్మవారు వెనకబడిపోయింది, కులపురోహితుడు దూరమయ్యాడు, క్వార్టర్సులో పొరుగువాడెవడో తెలియదు. ఇలాంటివాడికి తంతు లేని, కులం అడగని, ఆఫీసు వేళలకు సరిపడే, సైన్సు మాటలు మాట్లాడే ఆధ్యాత్మికత కావాలి. ఉదయం ఆరు, సాయంత్రం ఆరు అన్నది కొలిమి షిఫ్టుకు కాస్త అటూ ఇటూ సరిపోయే ముహూర్తం! 1990లో కర్నూలులో పిరమిడ్ ధ్యానం మొదలుపెట్టిన సుభాష్ పత్రి కూడా ఎరువుల కంపెనీ ఉద్యోగే.

ఇంకొకటుంది. ఆ ట్రస్టు ఉచిత హోమియో వైద్యశాలలు నడిపింది. మాత్రల్లో మందు ఉందా లేదా అన్న వాదం వేరే. పైసా అడగకుండా అరగంట కూచోబెట్టి, ఎక్కడ నొప్పి, ఎప్పుడు నొప్పి, కలలేమొస్తాయి అని అడిగినవాడు గుమస్తాకు ఊళ్లో ఇంకెవడున్నాడు? పెద్దాసుపత్రి వరండాలో అతనికి దొరకనిది అక్కడ దొరికింది. ప్రగతివాద సంఘాలు మీటింగులకు పిలిచాయి, చందాలు అడిగాయి, ఒంట్లో ఎలా ఉందని అడగలేదు. సి.వి.వి.కి వేటూరి దొరికిన దారే ఇది.

రుషికొండ వైపు వెళ్లినప్పుడల్లా ఈ చరిత్రంతా ఒక్క చోట పేర్చినట్టు కనిపిస్తుంది. భీమిలి దారిలో తొట్లకొండ, బావికొండ, పావురాళ్లకొండ. వాటి మీద ఒకప్పటి బౌద్ధ భిక్షువుల విహారాలు. భిక్షువులకు ఓడ వర్తకుల అండ ఉండేదన్నది తెలిసిన సంగతే. ఆధ్యాత్మికత ఓడరేవును ఆశ్రయించడం ఈ తీరానికి రెండు వేల ఏళ్ల అలవాటు. రుషికొండ కింద జాలరుల వలలు, పైన కంప్యూటరు కంపెనీల అద్దాలు, ఒక విశ్వవిద్యాలయం, వాటి మధ్య యోగా, ధ్యానం బోర్డులు. రుషి పేరున్న ఆ కొండను చెక్కి, పాత పర్యాటక రిసార్టు పడగొట్టి కట్టిన రాజభవనం లాంటి కట్టడాలు 2024 జూన్‌లో జనం కంటపడ్డాయి. దాన్ని గురించి ఏ కాలజ్ఞానమూ చెప్పలేదు. హైకోర్టు కాగితాలు మాత్రం ముందే చెప్పాయి.

ఈ ఊరికి నిజంగా వచ్చిన ప్రళయాల జాబితా వేరే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాను బాంబులు, ఊరు ఖాళీ, యూనివర్సిటీ గుంటూరుకు తరలింపు. 1997 సెప్టెంబరు 14న చమురుశుద్ధి కర్మాగారంలో పేలుడు, అరవై మంది దాకా మృతి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం దగ్గర ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి, పన్నెండు మంది మృతి. 1910లో జనం భయపడ్డ విషవాయువు నూటపదేళ్ల తర్వాత మే నెలలోనే వచ్చింది. ఆకాశంలోంచి కాదు, పక్కింటి గోడ అవతలి నుంచి. ట్యాంకును చల్లగా ఉంచే ఏర్పాటు సరిగా లేదనీ, హెచ్చరించవలసిన సైరను మోగలేదనీ ప్రభుత్వ కమిటీయే తేల్చింది. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారంలో నూరుశాతం వాటా అమ్మకానికి కేంద్రం ఆమోదం తెలిపింది. దానికి ఎదురుగా శిబిరాల్లో కూచున్న కార్మికుల్లో ఉదయం ఆరు గంటలకు కళ్లు మూసుకునేవాళ్లూ ఉంటారు. వాళ్లు మనవాళ్లు కాకుండా పోరు.

వెంకటాపురం వార్త వచ్చిన ఆ రోజుల్లోనే ఫోన్లలో ఒక పద్యం తిరిగింది. కరోనా గురించి వీరబ్రహ్మం ముందే చెప్పాడట. సాక్ష్యం ‘కోరంకి’ అన్న ఒక్క మాట. ఆ మాట వింటే 1839 తుపానులో కొట్టుకుపోయిన కోరంగి రేవు గుర్తుకు రావాలి తూర్పు తీరంవాడికి. అలా ఎవరికీ గుర్తు వచ్చినట్టు లేదు. కాలజ్ఞానం తాళపత్ర ప్రతులు, పాత అచ్చు ప్రతులు, బజారు పుస్తకాలు పక్కపక్కన పెట్టి, ఏ పాదం ఏ కాలంలో చేరిందో తేల్చవలసిన పని తెలుగు శాఖలది. వేటూరివారు అన్నమయ్యకు చేసినదాన్ని వీరబ్రహ్మానికి ఎవరైనా చెయ్యాలి. కక్కయ్య, సిద్దయ్యల కాలపు కోపం ఏదో, ఇందిరాగాంధీ తర్వాత అతికించినదేదో అప్పుడు విడిపోతుంది. ‘కోరంకి’ పాదం ఏ సంవత్సరపు అచ్చులో మొదటిసారి కనిపిస్తుందో చూడడంతో ఆ పని మొదలుపెట్టవచ్చు.